నలభై దాటని ఎండ, నిద్ర పట్టని రాత్రి

ప్రశ్న: విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో, ఒక డాబా ఇంటి పై వాటాలో అద్దెకుంటున్నాం. రెంటచింతలలో 45 డిగ్రీలని వార్తల్లో చెబుతుంటారు. మా ఊళ్లో 37 నమోదైన రోజున కూడా అర్ధరాత్రి దాటేవరకు మాకు నిద్ర పట్టడం లేదు. కిందటేడు కొన్న కూలర్‌తో జిడ్డు ఇంకా ఎక్కువైంది. 72 ఏళ్ల మా అత్తగారి కోసం ఏసీ పెట్టించాలా? ఇదంతా వాతావరణ మార్పేనా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ బాధ నిజమైనదే. చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమ నిండిన మన గాలిలో అది తొందరగా ఆరదు. వడగాలులను నిర్ణయించడానికి వాతావరణ శాఖ మైదానాలకు 40 డిగ్రీలను, తీర ప్రాంతాలకు 37 డిగ్రీలనే హద్దుగా పెట్టుకుంది. కూలర్ గాలిలో మరింత తేమను కలుపుతుంది కనుక, అనంతపురంలో పనికొచ్చే ఆ యంత్రం మీ గదిలో ఉక్కను పెంచింది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అదనపు నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు; ఆ ఆవిరి, రాత్రిపూట నేల విడిచే వేడిని పైకి పోనివ్వక అడ్డుకుంటుంది. అందుచేత వాతావరణ మార్పు మన తీరపు ఊళ్లను ఎక్కువగా పీడించేది రాత్రుల్లోనే అని నా అభిప్రాయం. అయితే మీ ఇంటి విషయంలో మరో పెద్ద కారణం మీ తలపైనే ఉంది. పగలంతా ఎండకు కాగిన శ్లాబు ఆ వేడిని చీకటిపడ్డాక గదిలోకి వదులుతుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోయే పాత ఇళ్లలో ఈ బాధ తక్కువ. అందువల్ల ముందుగా ఇంటివారితో మాట్లాడి, ఎండలు ముదరకముందే డాబాపై తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. ఆ ఖర్చు ఇంటివారే భరించడం న్యాయం.

పెద్దావిడ ఉన్న ఇంట్లో ఏసీని విలాసమని నేను అనను. ఆమె పడుకునే ఒక్క గదికి పెట్టించండి. ఒకటిన్నర టన్నుల ఏసీ, కంప్రెసర్ పూర్తిగా పనిచేస్తున్నప్పుడు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు వాడుతుంది. మన దగ్గర అందులో కొంత, గాలిలోని తేమను పిండడానికే పోతుంది. పైపులోంచి కారే నీళ్లు అవే. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది కనుక, 18కి తగ్గించకుండా 26 దగ్గర పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. డిగ్రీ పెంచిన ప్రతిసారీ సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క.

కరెంటు పోయిన రాత్రి మీ అత్తగారిని కింది వాటాలో పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.