రాత పరీక్ష పాసయ్యాక 'జెంట్స్ మాత్రమే' అన్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. ఎలక్ట్రికల్ బీటెక్ చేశాను. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక కంపెనీలో సర్వీస్ ఇంజనీర్ పోస్టుకి రాత పరీక్ష పాసయ్యాను. ఇంటర్వ్యూలో అబ్బాయిల్ని మోటార్లు, ప్యానెల్ బోర్డుల గురించి అడిగారట. నన్ను మాత్రం పెళ్లెప్పుడు, నైట్ డ్యూటీకి ఇంట్లో ఒప్పుకుంటారా అని అడిగారు. ఆ రాత్రే 'సారీ మేడమ్, సైట్ వర్క్ కదా, జెంట్స్‌నే తీసుకుంటున్నాం' అని హెచ్ఆర్ నుంచి వాట్సాప్ వచ్చింది. ప్రైవేటు కంపెనీ కదా, వాళ్లిష్టం అంటున్నాడు అన్నయ్య. నిజమేనా?

జవాబు: కాదమ్మా. మీ అన్నయ్య చెప్పిందాంట్లో సగమే నిజం. రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే 14, 15, 16 అధికరణలు పట్టుకుని ప్రైవేటు కంపెనీని నేరుగా నిలదీయడం కుదరదు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ అదే పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడా మగా అని తేడా చూపించకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్, 2019 మూడో సెక్షన్ కూడా అదే మాట చెబుతోంది, ఇది ప్రైవేటు వాళ్లకీ వర్తిస్తుంది. చట్టమే ఆడవాళ్లకి నిషేధించిన పనులకి మాత్రం మినహాయింపు ఉంది. నైట్ డ్యూటీ సాకు కూడా ఇప్పుడు నిలవదు. సాయంత్రం 7 దాటాక, ఉదయం 6కి ముందు పని చేయించుకోవాలంటే మీ సమ్మతి, తగిన భద్రత ఉండాలంటోంది ఇంకో కొత్త చట్టం, వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020. అంటే ఒప్పుకోవాల్సింది మీరు, మీ ఇంట్లోవాళ్లు కాదు.

పెళ్లి గురించి అడగడం దానంతట అదే నేరం కాదు, కానీ ఆ ప్రశ్న తర్వాత ఆ మెసేజ్ వచ్చింది చూడండి, అక్కడుంది మీ బలం. ఇలాంటి కేసుల్లో 'వేరేవాళ్లు బాగా చేశారు' అని తప్పించుకుంటారు, మీ విషయంలో వాళ్లే కారణం రాసిచ్చారు. ఆ మెసేజ్ తీసేయకండి, స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి, ఎందుకంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, అది ఏ ఫోన్ నుంచి తీసిందో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. రేపే హెచ్ఆర్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి, నన్ను ఎందుకు తీసుకోలేదో రాతపూర్వకంగా చెప్పండి అని.

మీరింకా అక్కడ ఉద్యోగి కాలేదు కాబట్టి నేరుగా కోర్టుకి వెళ్లడం కష్టం, కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ ద్వారా కదలాలి. ఉద్యోగం విజయవాడలో కనుక ఫిర్యాదు అక్కడి కార్మిక శాఖ ఆఫీసులో ఇవ్వండి. ఒక మాట దాచకుండా చెప్తాను, మొదటిసారి తప్పుకి జరిమానా 20,000 రూపాయల లోపే, అదీ తప్పు సరిదిద్దుకోమని ముందు గడువిచ్చాకే. ఉద్యోగం మీకే ఇవ్వమని ఆర్డర్ వస్తుందని నేను హామీ ఇవ్వలేను. అయినా ఫిర్యాదు ఇవ్వమనే నా సలహా, రేపు అదే గదిలోకి వెళ్లే ఇంకో అమ్మాయిని కనీసం మోటార్ల గురించి అడుగుతారు.

ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది, గుంటూరు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. హాల్ టికెట్, మార్కుల మెసేజ్, ఇంటర్వ్యూ కాల్ లెటర్ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.