చివరి రెండు సినిమాలు, తమ్ముడి రొయ్యల చెరువు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పదిహేనేళ్ళుగా సినిమాల్లో నటిస్తున్నాను. వయసు 41. ఒప్పుకున్న రెండు సినిమాలు పూర్తిచేసి అమ్మ దగ్గరకు వచ్చేద్దామనుకుంటున్నాను. అమ్మకు 66. ఎఫ్‌డీల్లో 1.80 కోట్లున్నాయి. హైదరాబాద్ ఫ్లాట్ మీద 38 లక్షల లోను ఉంది, ఖాళీ చేస్తే 35 వేలు అద్దె వస్తుంది. ఈఎంఐ కాక నెల ఖర్చు 80 వేలు. నా పేరున ఉన్న నాలుగెకరాల వరిచేను చెరువు చేద్దాం, 60 లక్షలు పెట్టమని తమ్ముడు అంటున్నాడు. పెట్టనా?

జవాబు: వద్దమ్మా. తమ్ముడి మీద అనుమానంతో చెప్పడం లేదు. రొయ్య కలిసొస్తే ఒక్క పంటకే కళ్ళు చెదిరే డబ్బు వస్తుంది, భీమవరం వైపు చాలా మేడలు అలా లేచినవే. కానీ వైట్ స్పాట్ రోగం తగిలిందంటే వనామి రకం రొయ్య ఎదగకముందే, 100 కౌంట్‌కే (కిలోకు వంద తూగే చిన్న సైజులోనే) పట్టి అమ్మేయాలి. సీడు (రొయ్య పిల్లలు), మేత, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల కరెంటు ఖర్చు అప్పటికే అయిపోయి ఉంటుంది. రోగం రాకపోయినా ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే ఇక్కడ చెరువు గట్టు మీద రేటు పడిపోయింది. షూటింగులు ఉన్నంతకాలం ఆ దెబ్బ తట్టుకోగలరు. మానేశాక పంట పోతే, ఆ లోటు పూడ్చడానికి ఏ నిర్మాతా అడ్వాన్సు ఇవ్వడు కదా! పైగా రొయ్యల ఆదాయం వ్యవసాయ ఆదాయం కిందకు రాదు, పన్ను కట్టాలి. వరి కౌలుకు ఆ బాధ లేదు. చేను చేనుగానే ఉంచండి.

ముందు లోను తీర్చేయండి. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణమైతే ముందే తీర్చినా పెనాల్టీ ఉండదు. మిగిలేది 1.42 కోట్లు. అందులో 30 లక్షలు అమ్మగారికి గిఫ్టుగా ఇచ్చి, ఆవిడ పేరున సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేయించండి. ప్రస్తుత 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తాయి. ఆ వడ్డీ ఆవిడ ఆదాయమే, మీ పన్ను లెక్కలో కలవదు. అయితే ఇచ్చాక ఆ డబ్బు కూడా ఆవిడదే. నామినీగా మీ పేరు ఉంటే చాలదు, వీలునామా రాయించకపోతే రేపు తమ్ముడికీ వాటా వస్తుంది. ఇంట్లో ఈ మాట ఎత్తడం ఇబ్బందే, అయినా ఇప్పుడే ఎత్తండి.

అమ్మగారి వడ్డీ నెలకు 20,500 పడుతుంది, అద్దె 35 వేలు. మీ 80 వేల ఖర్చుకు ఇక మిగిలిన 1.12 కోట్ల నుంచి నెలకు 24,500 తీసుకుంటే చాలు, ఏడాదికి మూడు లక్షల లోపే. రెండేళ్ళ ఖర్చు 20 లక్షలు ఎఫ్‌డీల్లో ఉంచండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే కాబట్టి అయిదు బ్యాంకుల్లో వేయండి. మిగతాదాన్ని తొందరపడకుండా డెట్, ఇండెక్స్ ఫండ్లలోకి కొద్దికొద్దిగా మళ్ళించండి.

రెండు సినిమాల పారితోషికం బ్యాలెన్సు డబ్బింగ్ చెప్పేలోపే వసూలు చేసుకోండి. తర్వాత జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఊరికే వదిలేయకండి, ఆదాయమేమీ లేదని వేసే నిల్ రిటర్ను ఆలస్యమైనా రోజుకు 20 రూపాయల లేటు ఫీజు పడుతుంది. షాపు ఓపెనింగులకు ఎలాగూ పిలుస్తారు. ఆ ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేలా ఉంటే ఉంచండి, లేకుంటే రద్దు చేయించండి.