కర్నూలు ఆఫీసులో ఉన్న 20 టీబీ డేటా కాపీని అనంతపురంలో ఉంచాలంటే ఎంత నెట్ లైను, ఎంత డిస్కు కావాలి?

కాపీ వేరే ఊళ్లో పెట్టడం మంచి పనండీ. 2009 అక్టోబరు వరద చూసిన ఊరు మనది.

ఉన్న 20 టీబీని చూసి లైను లెక్కేయకండి. మొదటి కాపీని డిస్కుల్లో ఎక్కించి బండిలో పంపొచ్చు. లైను కావాల్సింది రోజూ మారే డేటాకే. 100 ఎంబీపీఎస్ లైను గంటకు మహా అయితే 45 జీబీ మోస్తుంది. అయితే రోజు సగటును నమ్మొద్దు. నెలాఖరు బిల్లింగు వేళ డేటా రాసే వేగం లైనును దాటితే, మిగిలిందంతా కర్నూల్లోనే పేరుకుంటుంది. లైను 8 గంటలు తెగినా ఆ మార్పులన్నీ పట్టేంత జాగా అక్కడ విడిగా ఉంచండి. అది నిండితే చాలా సిస్టంలలో కాపీ ఆగిపోయి, రెండు వైపులా మళ్లీ సరిచూడాల్సి వస్తుంది.

అనంతపురంలో అసలు డేటాకు తోడు, దాచే స్నాప్‌షాట్లకూ (ఫలానా సమయానికి డేటా ఎలా ఉందో చూపే పాత ప్రతులకూ) డిస్కు కలపండి.