చెవిపోటు మళ్లీ మళ్లీ వస్తోంది.. ప్రతిసారీ యాంటీబయాటిక్ వాడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటాం. మా పాపకు రెండున్నరేళ్లు. డే కేర్‌లో చేర్చాక ఐదు నెలల్లో మూడుసార్లు జలుబు, ఆ వెంటనే జ్వరం, చెవిపోటు వచ్చాయి. ప్రతిసారీ యాంటీబయాటిక్ వాడినా ఆ బ్యాక్టీరియా ఎందుకు పోవడం లేదు?

జవాబు: మీ పాప చెవిలో చీము పట్టడానికి కారణమయ్యే న్యూమోకాకస్, హిమోఫిలస్, మొరాక్సెల్లా వంటి బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు వెనక భాగంలో కూడా ఉంటాయి కాబట్టి, వాటిని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. వైరస్ వల్ల జలుబు చేసినప్పుడు, ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే నాళం వాచి మూసుకుపోతుంది. చిన్నపిల్లల్లో ఆ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉండటంతో బ్యాక్టీరియా సులభంగా లోపలికి చేరి పెరుగుతుంది. డే కేర్‌లో చేరిన కొత్తలో జలుబులు ఎక్కువగా వస్తాయి కనుక చెవిపోటూ పెరుగుతుంది.

ముక్కు వెనక అదే చోట కొరినెబ్యాక్టీరియం, డొలోసిగ్రాన్యులమ్ అనే వేరే బ్యాక్టీరియా కూడా నివసిస్తాయి. ఇవి సమృద్ధిగా ఉన్న పిల్లల్లో చెవి ఇన్ఫెక్షన్లు తక్కువగా కనిపించినట్లు అధ్యయనాలు చెబుతున్నాయి. అవే కాపాడుతున్నాయని దీంతో రుజువైనట్లు కాదు గానీ, యాంటీబయాటిక్ వీటినీ తగ్గిస్తుంది కాబట్టి అవసరం లేనప్పుడు దాన్ని వాడకూడదని నేను గట్టిగా చెబుతాను. అయితే అవసరమైన చోట వెనకాడకూడదు: ఆరు నెలల లోపు పసిపిల్లలకు, చెవి నుంచి చీము కారుతున్నవారికి, తీవ్రమైన నొప్పి లేదా 39 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం ఉన్నవారికి వెంటనే మొదలుపెడతాం. రెండేళ్లు దాటి, లక్షణాలు స్వల్పంగా ఉన్న పిల్లలకు బరువును బట్టి పారాసిటమాల్ ఇస్తూ, డాక్టర్ పర్యవేక్షణలో రెండు మూడు రోజులు వేచి చూడవచ్చు. గతసారి మిగిలిన మందు మాత్రం ఎప్పుడూ వేయకండి.

ఆరు నెలల్లో మూడుసార్లు వచ్చిందంటే ఈఎన్‌టీ నిపుణుడికి చూపించాల్సిందే. కర్ణభేరి వెనక ద్రవం నిలిచిందా, అడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే కణజాలం) పెరిగాయా, వినికిడి తగ్గిందా అన్నది ఆయన పరీక్షిస్తారు. న్యూమోకాకల్ టీకా డోసులన్నీ పడ్డాయో లేదో కార్డు చూడండి; 2017లో కొన్ని రాష్ట్రాలతో మొదలైన ఈ టీకాను ప్రభుత్వం 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తోంది. పడుకోబెట్టి పాలసీసా పట్టడం మానండి, ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు, చెవిలో నూనె పోయకండి. చెవి వెనక వాచి ఎర్రబడినా, మెడ బిగుసుకున్నా, పాప మగతగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.