మాఘంలో పెళ్లి, జూన్‌లో లద్దాఖ్... ఇంటికి దన్ను ఏది?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 92,000 వస్తుంది. గత నెల నిశ్చితార్థం అయింది, మాఘంలో పెళ్లి. కాబోయే భార్య విశాఖలో ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తుంది. జీతం 48,000. హైదరాబాద్‌కు బదిలీ పెట్టుకుంది, ఇంకా రాలేదు. నాకు ఎఫ్‌డీ 5 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 2.4 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 60 వేలు ఉన్నాయి. కారు ఈఎంఐ 14,500. అమ్మానాన్నలకు నెలకు 15,000 పంపుతాను. పెళ్లికి మా వైపు ఖర్చు 13 లక్షలు తేలింది: అమ్మాయికి పెట్టే బంగారం 5.5 లక్షలు, రిసెప్షన్ 4.2, బట్టలు 1.3, ప్రీవెడ్డింగ్ షూట్‌తో కలిపి ఫొటోలు, వీడియో 1.2, పైఖర్చులు 80 వేలు. ఎఫ్‌డీ తీసేసి, మిగతా 8 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఐదేళ్లకు 14 శాతం మీద ప్రీ అప్రూవ్డ్ ఆఫర్ వచ్చింది. జూన్‌లో మనాలీ నుంచి లేహ్ దాకా బైక్ మీద హనీమూన్. దానికి 2.8 లక్షలు, క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ 5 లక్షలు ఉంది, అమ్మానాన్న కూడా అందులోనే ఉన్నారు. పర్సనల్ లోన్ మేలా, గోల్డ్ లోన్ మేలా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందుగా మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. ముహూర్తాలు దగ్గర పడేసరికి ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. అంకెలు మారతాయి గానీ తప్పు మాత్రం ఒకటే. ఉన్న పొదుపంతా ఊడ్చి మండపంలో పెట్టేసి, చాలనిదానికి అప్పు తెచ్చి, 'పెళ్లయ్యాక మళ్లీ కూడబెట్టుకుందాంలే' అనుకోవడం. మీ ఉత్తరం ఎంచుకున్నది అందుకే. ఏ లోన్ మేలు అన్నది తర్వాత సంగతి. పెళ్లి మర్నాడు మీ ఖాతాలో ఎంత మిగులుతుందో మీరు లెక్క వేసుకోలేదు. నేను వేశాను. 60 వేలు, కొద్దిగా ఫండ్లు. అందులో కొత్త ఇంటి అడ్వాన్సుకే 50 వేలు పోతాయి.

ఇప్పుడు నెలవారీ లెక్క చూడండి. ఇద్దరికి సరిపడే ఇల్లు మెయింటెనెన్సుతో కలిపి 26,000 అనుకుందాం. సరుకులు, కరెంటు, పెట్రోలు, ఇతర ఇంటి ఖర్చు 22,000. కారు 14,500. ఊరికి 15,000. బీమా ప్రీమియాలు నెలకు 5,000. మొత్తం 82,500. మీ ఒక్కరి జీతంతో ఇల్లు గడుస్తుంది, గట్టిగా పట్టుకుంటే 9,500 మిగులుతుంది. దీని మీద 8 లక్షల లోన్‌కు ఈఎంఐ 18,615 పడుతుంది. అక్కడికే మీ జీతం దాటిపోయింది. జూన్ తర్వాత కార్డు ఈఎంఐ తోడవుతుంది. 16 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 25,400 పైమాటే. అంటే నెలకు లక్షా 26 వేలు కావాలి, మీకు వచ్చేది 92 వేలు. బదిలీ రాక ఆమె ఉద్యోగం వదులుకుని హైదరాబాద్ రావాల్సి వస్తే ఆ 34 వేలు ఎక్కణ్నుంచి తెస్తారు? ఇంకో లోన్ తీసుకుంటారు. నేను చూసిన ప్రతి అప్పుల ఊబీ ఇలాంటి నెలలోనే మొదలైంది. ఐదేళ్లలో ఆ 8 లక్షలకు మీరు కట్టే వడ్డీ 3 లక్షల 17 వేలు. రిసెప్షన్‌లో తిన్న వాళ్లకు ఆ భోజనం గుర్తుండదు, మీకు మాత్రం ఈఎంఐ కట్టే ఐదో తారీకు 60 సార్లు గుర్తుంటుంది.

రెండేళ్ల కిందట ఒక కొత్త జంట నా దగ్గరికి వచ్చారు. ఫాల్గుణంలో పెళ్లి, ఉగాది వెళ్లిన మూడో వారంలో అబ్బాయి ఉద్యోగం పోయింది. ఎఫ్‌డీలన్నీ పెళ్లికే అయిపోయాయి, లోన్ ఈఎంఐ మాత్రం ఆగదు. ఆఫీసు హెల్త్ కార్డు ఆఖరి పనిరోజుతోనే చెల్లిపోయింది. అప్పటికే వాళ్ల అమ్మగారి మోకాలి ఆపరేషన్‌కు తేదీ కూడా తీసుకుని ఉన్నారు. అమ్మాయి తన హారం పట్టుకుని గోల్డ్ లోన్ కౌంటర్‌కు వెళ్లింది. బంగారం విలువ కట్టే అప్రైజర్ దాన్ని గీటురాయి మీద గీసి, కాటాలో పెట్టబోయి ఆగాడట. కొక్కేనికి షాపువాళ్లు కట్టిన తెల్లదారం, బరువు రాసిన బుల్లి అట్టముక్క ఇంకా అలాగే ఉన్నాయి. కత్తెర తెచ్చి దారం కత్తిరించి, అట్టముక్క ఆమె చేతికిచ్చాడు. "తమ్ముడి పెళ్లిలో వేసుకుందామని దాచానండీ, ఇంకా ఒక్కసారి కూడా వేసుకోలేదు" అని చెబుతూ ఆ అట్టముక్క పర్సులోంచి తీసి నా బల్ల మీద పెట్టింది. ఆ హారం కొన్నది అప్పు డబ్బుతోనే. అప్పుచేసి కొన్న బంగారం మీద మళ్లీ అప్పు. మీరు అడిగిన 'గోల్డ్ లోన్ మేలా' అన్న మాటకు నా జవాబు ఇదే.

కాబట్టి మీ ఎఫ్‌డీలో 4 లక్షలకు ఈ రోజే వేరే పేరు పెట్టండి. అది పెళ్లి డబ్బు కాదు, ఇంటి డబ్బు. మీ కొత్త కాపురానికి దాదాపు 5 నెలల ఖర్చు. మామూలుగా నేను 6 నెలలకు తక్కువ ఒప్పుకోను, పెళ్లి కాబట్టి ఐదుతో సర్దుకుంటున్నాను. దాన్ని జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఎఫ్‌డీగా ఉంచి, కావలిస్తే ఒక్క రోజులో తీసుకునేలా పెట్టుకోండి. కేటరర్ మిగతా సొమ్ము అడిగాడనో, డెకరేషన్ వాళ్లు పూలరేటు పెరిగిందన్నారనో దాన్ని కదపకూడదు. అత్యవసరం అంటే జబ్బు, ఉద్యోగం పోవడం, ఇంట్లో పెద్దవాళ్లకు ఆపద. పెళ్లిలో వచ్చే అదనపు ఖర్చులు అత్యవసరాలు కావు, ముందే ఊహించదగ్గవి. సేవింగ్స్ ఖాతాలోని 60 వేలు ఇంటి అడ్వాన్సుకు.

ఇక పెళ్లికి మిగిలేది ఎఫ్‌డీలోంచి ఒక లక్ష, ఫండ్ల 2.4 లక్షలు, ఈ ఐదు నెలల్లో నెలకు 30 వేల చొప్పున మీరు దాచే లక్షన్నర. ఐదు లక్షలకు కాస్త తక్కువ. నాన్నగారు ఇవ్వగలిగింది రెండు లక్షలు దాటనివ్వకండి, ఆయన రిటైర్మెంటు డబ్బు ఆయనకే అక్కర. అంటే మీ బడ్జెట్ 7 లక్షలు. 13 లక్షల పెళ్లిని ఏడుకు దించమంటే ఇంట్లో గొడవ అవుతుందని నాకు తెలుసు. అయినా దించాలి.

ఎక్కడ దించాలంటే, మొదట బంగారంలో. తాళిబొట్టు, నల్లపూసలు, చేతికో జత గాజులు ఇప్పుడు కొనండి, రెండున్నర లక్షల్లో ఆపండి. హారం రెండు మూడేళ్ల తర్వాత మీ సొంత డబ్బుతో కొనండి. తర్వాత రిసెప్షన్. ప్లేటు 850 చొప్పున 350 మంది అంటే భోజనాలే 2,97,500. జాబితా 200కు దించితే ఒక్క దెబ్బకు 1,27,500 మిగులుతుంది, హాలు కూడా చిన్నది సరిపోతుంది. కేటరర్‌తో మాట్లాడేటప్పుడు ప్లేట్ల గ్యారంటీ తక్కువ చెప్పండి. వచ్చినవాళ్లు తక్కువైనా గ్యారంటీ ఇచ్చిన ప్లేట్లన్నిటికీ డబ్బు కట్టాల్సిందే. పదో ఇరవయ్యో పెరిగితే ఎలాగూ వడ్డిస్తారు. ప్రీవెడ్డింగ్ షూట్ వదిలేయండి, ఫొటోలు, వీడియోలకు 60 వేలు చాలు. బట్టలు 80 వేలు, పైఖర్చులు 80 వేలు. చదివింపులు ఎన్ని వస్తాయో లెక్కేసి ఖర్చు పెంచుకోకండి. వచ్చినప్పుడు అవి నేరుగా ఎఫ్‌డీలోకి వెళ్లాలి.

పీఎఫ్‌లోంచి పెళ్లికి తీసుకునే వీలుంది గానీ దాని జోలికి పోకండి. నెలనెలా ఫండ్లలో కట్టే సిప్ ఏదైనా నడుస్తుంటే ఈ ఐదు నెలలు ఆపండి, తప్పులేదు. పూట గడవని అవసరం వచ్చి తీరా అప్పు చేయాల్సొస్తే, ఎఫ్‌డీ మీద తీసుకునేది అన్నిటికంటే చవక. ప్రీ అప్రూవ్డ్ మెసేజ్ పంపినవాళ్లు మీ మేలు కోరి పంపలేదు, దాన్ని చెరిపేయండి.

ఇక లద్దాఖ్. వద్దని నేను అనను. మంచు కరిగి మనాలీ-లేహ్ దారి తెరుచుకునేది ఎలాగూ వేసవిలోనే, అందుకే మీరు జూన్ అనుకున్నారు. అది మీకు కలిసొచ్చే విషయం. మాఘం నుంచి జూన్‌కు నాలుగు నెలలు. అప్పులు లేకపోతే ఇద్దరూ కలిసి నెలకు 40 వేలు పక్కన పెట్టగలరు, లక్షా 60 వేలు అవుతుంది. ఆ డబ్బుకు ఎంత యాత్ర వస్తే అంతే చేయండి. ఆమె జీతం ఆగిపోయిందంటే యాత్ర వచ్చే ఏడాదికి వెళ్తుంది, లద్దాఖ్ ఎక్కడికీ పోదు. కార్డు ఈఎంఐ మీద మాత్రం వెళ్లకండి.

ఆ లక్షా 60 వేలలో రెండు ఖర్చులు తగ్గించకూడదు. ఒకటి విశ్రాంతి రోజులు. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు, అక్కడి నుంచి పైకెళ్లే ఖార్‌దుంగ్ లా కనుమ 5,300 దాటుతుంది. విమానంలో దిగినా, బైక్ మీద వచ్చినా, పైకి వెళ్లే ముందు లేహ్‌లో రెండు రోజులు ఏమీ చేయకుండా ఉండాలి. ప్యాకేజీ చవక చేయడానికి ఈ రెండు రాత్రుల హోటల్ ఖర్చు కోసేసేవాళ్లున్నారు. అలాంటి ప్యాకేజీ కొనకండి. రెండోది దారి మూసుకుపోతే అదనంగా ఉండాల్సొచ్చే రోజులు. కొండచరియలు, అకాల మంచు అక్కడ మామూలే. 20 వేలు నోట్లు పట్టుకెళ్లండి. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే, గూగుల్‌పే దేనికీ పనికిరావు. మనాలీలో అద్దెకు తీసుకున్న బండిని నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వైపు తిప్పనివ్వరు, లేహ్‌లో మళ్లీ అద్దెకు తీసుకోవాలి. చాలామంది బడ్జెట్లో ఈ రెండో అద్దె ఉండదు.

బీమా దగ్గర మీరు 'ఆఫీసుది ఉంది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పైన చెప్పిన జంట కూడా అదే అన్నారు. ఉద్యోగంతో వచ్చింది ఉద్యోగంతోనే పోతుంది, సరిగ్గా డబ్బు లేని నెలలో. మీ పేరు మీద 10 లక్షల సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. పెళ్లయిన వెంటనే ఆమెను చేర్చండి, చాలా పాలసీల్లో కొత్తగా పెళ్లైనవాళ్లకు మధ్యలో చేర్చే వీలుంటుంది. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు చెల్లించరు. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే ఊపిరాడని జబ్బు ప్రమాదం కాదు, జబ్బే. ఏప్రిల్ నాటికి ఆ గడువు దాటి ఉండాలి. ప్రసూతి ఖర్చుకు ఇంకా ఎక్కువ కాలం ఆగాలి కాబట్టి ఆలస్యం చేసినకొద్దీ మీకే నష్టం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మానాన్నలకు విడిగా తీసుకోండి. షుగర్, బీపీ ఉంటే దాచకుండా రాయండి.

సాహసయాత్రలకు హెల్త్ పాలసీ పనికిరాదని చాలామంది అనుకుంటారు. మన దేశంలో హెల్త్ పాలసీల్లో ఉండే ప్రామాణిక మినహాయింపు, పర్వతారోహణ, రాఫ్టింగ్, స్కూబా లాంటివి వృత్తిగా చేసేవాళ్లకు. సరదాగా వెళ్లిన మీలాంటి వాళ్లకు కాదు. కానీ ట్రావెల్ పాలసీల్లో, పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో మాటలు వేరేగా ఉంటాయి. కొనేముందు మినహాయింపుల పేజీ ఇద్దరూ కూర్చుని చదవండి. ఇంకొకటి, నేను పదేపదే చెప్పేది: బండి పాలసీలో తప్పనిసరిగా ఉండే 15 లక్షల యాక్సిడెంట్ కవర్ యజమానికి మాత్రమే. అద్దెబండి నడిపే మీరు యజమాని కాదు, వెనక కూర్చునే ఆమెకు అసలే వర్తించదు. అందుకని ఇద్దరి పేరునా విడివిడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉండాలి. ప్రీమియం ఏడాదికి పెద్ద మొత్తమేమీ కాదు.

టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా, ఉందని మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నాను. పెళ్లయిన నెలలోనే కోటి రూపాయలకు, 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోండి. అలా తీసుకుంటే ఆ సొమ్ము భార్యాబిడ్డలదే, మీ అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. అయితే అందులోంచి అమ్మానాన్నలకు ఏమీ రాదు, కాబట్టి వాళ్ల కోసం మామూలు పద్ధతిలో ఇంకో 50 లక్షలకు తీసుకుని అమ్మగారిని నామినీగా పెట్టండి. పెళ్లికి ముందు చేసిన పీఎఫ్ నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది నింపండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఆమె జీతం ఉంది, బదిలీ ఉంది, ఆమె ఏమనుకుంటోందో లేదు. ఆమె బ్యాంకులో పనిచేస్తోంది, ఈఎంఐ ఎగ్గొట్టినవాళ్లను రోజూ చూస్తూనే ఉంటుంది. ఈ ఆదివారం ఫోన్ చేసి, 18,615, 25,400 అనే రెండు అంకెలూ ఆమెకు చదివి వినిపించండి. హారం తర్వాత కొందామంటే ఏమందో నాకు రాయండి.