సమాధానం: గార్డీనియా కొత్త ఆకులు పసుపెక్కడం

మీ కుండీలోని గార్డీనియాకు కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయన్నారు కదండీ, అది ఇనుము లోపమే. మట్టిలో ఇనుము లేక కాదు. మీరు పోసే బోరు నీళ్లలోని బైకార్బనేట్లు (క్షార గుణమున్న లవణాలు) కుండీ మట్టి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 7 దాటించేస్తే వేర్లు ఇనుమును అందుకోలేవు. అదనంగా ఎరువు వేయకండి. నీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చిటికెడు చొప్పున కలుపుతూ, పీహెచ్ పేపర్ 6 చూపించాక పోయండి. వాన నీళ్లు దొరికితే మరీ మంచిది. ఆర్వో ఫిల్టరు బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు (పొదుపని చాలామంది అవే పోస్తారు!), వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. చీలేటెడ్ ఐరన్ (వేర్లు అందుకోగలిగే రూపంలోని ఇనుము) కొంటే ఈడీడీహెచ్‌ఏ రకం అడగండి. క్షార మట్టిలో ఈడీటీఏ రకం నిలవదు. ఫలితం తెలియడానికి పాత ఆకుల్ని వదిలేసి కొత్త చిగుళ్ల రంగు చూడండి.