దోమ మామకు మీసాలుండొచ్చు

(పిల్లల పుస్తకాల మీద పాఠకుల ప్రశ్నలకు, తిరుపతిలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: మా వాడికి ఆరేళ్లు. పురుగుల కథలతో సైన్సు చెప్పే బొమ్మల పుస్తకం కొన్నాను. అందులో దోమ మామ మీసాలు మెలేస్తూ, స్ట్రా పెట్టి ఊళ్లో అందరి రక్తం తాగుతుంటాడు. మా వాడు పొట్ట పట్టుకుని నవ్వుతాడు. మా ఆయనేమో "దోమలు మాట్లాడతాయా? సైన్సు పేరు చెప్పి అబద్ధాలు నేర్పిస్తున్నావు" అంటారు. నిజమేనా?
- ఒక తల్లి, చిత్తూరు

జవాబు: మీ ఆయన అనుమానం మంచిదేనమ్మా, పట్టుకోవాల్సిన చోట పట్టుకోలేదంతే. దోమ మాట్లాడితే నాకేం పేచీ లేదు. మనమంతా "చీమా చీమా ఎందుకు కుట్టావు?" వింటూ పెరిగినవాళ్లమే. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని అది ఎదురడిగితే, చీమలకు తెలుగొచ్చని ఏ పిల్లాడూ నమ్మలేదు. గూటి జోలికెళితే కుడుతుందన్న సంగతి మాత్రం బుర్రకెక్కింది.

నా పేచీ ఆ స్ట్రాతో. మగదోమ రక్తం తాగదు. పూలతేనె, మొక్కల రసాలు తాగి బతుకుతుంది. ఆడదోమకూ ఒంట్లో సత్తువ కోసం కావాల్సింది తీపే. రక్తం గుడ్ల కోసం, అందులోని ప్రోటీన్ కోసం. తమాషా ఏమిటంటే ఆ రచయిత మీసాల దగ్గర తెలియకుండానే కరెక్టుగా రాశాడు. గుబురు మీసాలు నిజంగా మగదోమకే ఉంటాయి. వాటితోనే అది ఆడదోమ రెక్కల చప్పుడు పసిగడుతుంది. అంటే కుట్టేది అత్త, బ్యాటు దెబ్బ తినేది మామ! ఇంతకన్నా పెద్ద జోకు ఎవరు రాయగలరు? మీరు పుస్తకం పారేయకండి. ఆ పేజీలో మామ చేతి నుంచి స్ట్రా తీసేసి ఏం ఇవ్వాలో మీ వాడినే అడగండి, పెన్సిల్ చేతికివ్వండి.

ఇలాంటి తప్పు నేనూ చేశాను. ఆదివారం సాయంత్రాలు మా వసారాలో వీధి పిల్లలకు కథలు చెబుతుంటాను. ఒకసారి "తేనెటీగ అన్నయ్య తేనె మోసుకొస్తున్నాడు" అనేశాను. కూలీ ఈగలన్నీ ఆడవే అని ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన మనిషిని! రాత్రి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. మరుసటి ఆదివారం తప్పు ఒప్పుకుని, అన్నయ్యను అక్కను చేశాను. ఒక బుడ్డోడు లేచి "మరి అన్న ఏం చేస్తాడవ్వా?" అన్నాడు. పోతుటీగకు కుట్టే ముల్లు ఉండదు, తేనె తేవడం చేతకాదు, అక్కలు తెచ్చింది తిని కూర్చుంటాడు అన్నాను. "మా మామ మాదిరి" అన్నాడు వాడు. వసారా అంతా గొల్లుమంది. ఆ నవ్వుకు నేను చేసిందేమీ లేదు, తేనెపట్టులో ఉన్న సంగతి చెప్పాను. కరువు రోజుల్లో ఆ అన్నలను అక్కలు బయటికి గెంటేస్తారని చెబితే వాడు మాత్రం నవ్వలేదు. పాపం, మామను తలుచుకున్నాడేమో.

ప్రశ్న: మా బడిలో ఉన్న పుస్తకంలో సాలెపురుగు, ఆరుద్ర పురుగు కూడా కీటకాల గుంపులో ఉన్నాయి. పిల్లలు కాళ్లు లెక్కపెట్టి నన్ను నిలదీశారు.
- ఒక టీచర్, చంద్రగిరి

జవాబు: మీ పిల్లలకు నా తరఫున తలా ఒక వేరుశనగ ఉండ ఇవ్వండి. కీటకానికి ఆరు కాళ్లు, సాలెపురుగుకు ఎనిమిది. తొలకరికి ఎర్ర మఖమల్ ముక్కలా బయటికొచ్చే ఆరుద్రకూ ఎనిమిదే. అది సాలెపురుగుల వైపు చుట్టం. గొడవంతా మన మాటలో ఉంది. పురుగు అనే మాటలో పట్టనిదంటూ లేదు. పల్లెల్లో పాము కరిచినా పేరెత్తకుండా "పురుగు ముట్టింది" అంటారు కదా. కాబట్టి తెలుగులో ఇలాంటి పుస్తకం రాసేవాళ్లు పురుగు ఎక్కడ అనాలో, కీటకం ఎక్కడ అనాలో ముందే తేల్చుకోవాలి. ఇంగ్లీషు బొమ్మలు తెచ్చి కింద తెలుగు అతికిస్తే ఇలాగే తగులుకుంటుంది.

పుట్టల సంగతీ అంతే. స్వామి పుట్టలో దాగిన కథ విన్న పిల్లలు కాబట్టి తిరుపతి వైపు పుట్ట ఎవరు కడతారని తప్పకుండా అడుగుతారు. చీమలు పెట్టిన పుట్టల్లో పాములు చేరతాయని సుమతీ శతకం చెప్పినా, నిలువెత్తు మట్టి పుట్టలు కట్టేది చెదపురుగులు. అవి చీమలకు కాదు, బొద్దింకలకు దగ్గరి చుట్టాలు.

ప్రశ్న: ఇలాంటి పుస్తకాలు తక్కువ ఖర్చుతో ఎక్కడ దొరుకుతాయి?
- ఒక నాన్న, శ్రీకాళహస్తి

జవాబు: ఫోనుంటే ఖర్చే లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. అచ్చు పుస్తకాలు కావాలంటే సికింద్రాబాద్ మంచి పుస్తకం, చెన్నై తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ జాబితాలు చూడండి. కొనేముందు బొమ్మల్లో కాళ్లు లెక్కపెట్టండి.

ప్రశ్న: మేం మల్బరీ వేసి పట్టుపురుగులు మేపుతాం. సెలవులకు వచ్చిన మనవరాలు "ఈ పంట రెండో జ్వరంలో ఉంది" అని నేను ఎవరితోనో అనడం విని, మాత్ర వేయమని ఏడ్చింది. దీన్ని కథగా రాయాలని ఉంది. ఎలా రాయాలి?
- ఒక తాత, పలమనేరు దగ్గర పల్లె

జవాబు: సగం కథ ఆ పాప రాసేసింది, పెద్దాయనా. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పట్టుపురుగు చర్మం విడవడాన్ని రైతులు జ్వరం అంటారు. మేత మానేసి, తల పైకెత్తి, దాదాపు ఒక రోజు కదలకుండా ఉంటుంది. ఇలా నాలుగుసార్లు. కథలో డాక్టరును రానివ్వండి, స్టెతస్కోపు పెట్టనివ్వండి. చివరికి ఆయన "జ్వరం కాదు, చొక్కా బిగుతైంది" అనాలి. ఎందుకు కాదూ? 25 రోజుల్లో దాని బరువు సుమారు 10,000 రెట్లు అవుతుంది. మూడు కిలోల పసిబిడ్డ అలా పెరిగితే ఆరేడు ఏనుగుల బరువు తూగుతుంది. ఉయ్యాల ఎక్కడ కట్టాలి?

నాలుగో జ్వరం లేచాక షెడ్డులో మేత చప్పుడు వాన కురిసినట్టు ఉంటుంది కదా. అది మీరు రోజూ వినేదే, సిటీలో కూర్చుని రాసేవాళ్లకు తెలియదు. ఆ పేజీలో మాటలొద్దు, చప్పుడొక్కటే పెట్టండి. గూడు కట్టుకునే వెదురు తట్టల మీదికి, అదే చంద్రికల మీదికి ఎక్కించాక పురుగు తలను ఎనిమిది అంకెలా తిప్పుతూ, తెంచకుండా ఇంచుమించు కిలోమీటరు దారం తీస్తుంది. ఆ దూరం పాపను చెయ్యి పట్టుకుని నడిపించండి.

కష్టమైన పేజీ ఒకటుంది. గూళ్లను వేడి నీళ్లలో ఎందుకు వేస్తారని పాప ఏదో ఒక రోజు అడుగుతుంది. అడిగితే చెప్పండి. రంగురంగుల సీతాకోకచిలుకై ఎగిరిపోయిందని మాత్రం రాయొద్దు. మనం పెంచే పట్టుపురుగు రెక్కలొచ్చినా ఎగరలేదు. కావాలంటే మీ హీరోను విత్తనపు గూళ్లలో, అంటే గుడ్ల కోసం ఉంచే గూళ్లలో చేర్చండి, బయటికొస్తుంది. ఆకు తిని తిని పెరిగిన ఆ తిండిపోతుకు అప్పుడు తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. ఆడదైతే నాలుగైదు వందల గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో వెళ్లిపోతుంది.

బొమ్మలు వేసేవాళ్లకు ఒక మాట చెప్పండి. పైన టీచరుకు ఆరు కాళ్లని రాశాను గానీ, మీ మనవరాలు పురుగును అరచేతిలో పెట్టుకుని లెక్కపెడితే పదహారు వస్తాయి. తల దగ్గరున్న ఆరే అసలు కాళ్లు. వెనకున్న పదీ ఊతకాళ్లు, రెక్కలొచ్చేసరికి పోతాయి. పదహారూ గీయించండి. ఆరే ఉంటే ఆ పాప మిమ్మల్నీ వదలదు, నన్నూ వదలదు.